పారామోటార్‌కి ఫోర్ స్ట్రోక్ ఇంజన్: మారినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

రెండోగాలి:

నమస్తే అందరికీ. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క, వీపుకి ఇంజనూ ప్రాపెల్లరూ (ప్రాప్) కట్టుకుని, పారాచూట్ లాంటి గుడ్డ రెక్క (వింగ్) కింద వేలాడుతూ ఎగరడమే పారామోటార్. నా దగ్గరున్నది 185 సీసీ క్లాస్ టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది, 125 సెంటీమీటర్ల ప్రాప్. ట్యాంక్ ఖాళీగా ఉంటే మోటారు మొత్తం 23 కిలోలు. నా బరువు 82, వయసు 47, ఎడమ మోకాలు పాత దెబ్బది. ఇప్పటికి 140 గంటలు తిప్పాను, మొదటి వంద గంటలు నిజం చెప్పాలంటే ఏ గొడవా లేదు, రబ్బరు మౌంట్లు రెండు సార్లు మార్చా, సైలెన్సర్ స్ప్రింగ్ ఒకటి తెగింది, అంతే.

మొన్న మాత్రం పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది, సీజ్ అంటారే అది. టేకాఫ్ అయ్యి ఫుల్ థ్రాటిల్‌లో ఓ మూడు నిమిషాలు ఎక్కా, 150 మీటర్ల దగ్గర ఇక చాల్లే అని థ్రాటిల్ సగానికి తగ్గించా, పది సెకన్లు కూడా కాలేదు, ఓ రకంగా కీచుమని మూలిగి టక్కున ఆగిపోయింది. వీపు వెనక ఒక్కసారిగా నిశ్శబ్దం. కింద పొలం ఖాళీగానే ఉంది కాబట్టి దిగిపోయా, కాళ్ళ మీదే దిగా కూడా, కానీ ఆ నిశ్శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. చల్లారాక తాడు లాగితే తిరిగింది, మళ్ళీ స్టార్ట్ చేసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

అప్పట్నుంచీ ఫోర్ స్ట్రోక్ పిచ్చి పట్టుకుంది. ఆయిల్ కలిపే పని లేదు, పెట్రోల్ సగమే తాగుతుందంటారు, శబ్దం తక్కువ, సీజ్ అవ్వదు, కార్లకీ బైకులకీ ఉన్నది అదే కదా. బెయిలీ 4వీ-200 లాంటివి చూస్తున్నా. పెట్రోల్ తక్కువ తాగుతుంది కాబట్టి ట్యాంక్‌లో తక్కువ పోసుకుంటే ఇంజన్ ఎక్కువ బరువు దానికి సరిపోతుంది కదా అని నా లెక్క.

నా ఫ్లయింగ్ ఎక్కువగా పొద్దున్నే, గాలి అస్సలు లేనప్పుడు, గంటన్నర నుంచి రెండు గంటలు, తీరిగ్గా తిరిగి రావడం. విన్యాసాలు అవీ చెయ్యను. వాడినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అమ్మేవాళ్ళ మాటలు చాలా విన్నాను.

నాలుగుదెబ్బలు:

అన్నా ముందు నువ్వు కాళ్ళ మీద దిగావు చూడు, దానికి శభాష్. ఇంజన్ ఎప్పుడు ఆగినా దిగే చోటు ఉండేలా ఎగరడం అన్నది ఏ స్ట్రోక్‌కైనా ఒకటే రూలు. మోటారు ఆగాక వింగ్ మనల్ని మీటరు ఎత్తుకి ఓ ఆరు మీటర్లు ముందుకి మోస్తుందనుకుంటే, 150 మీటర్ల నుంచి దక్కేది 900 మీటర్లు, ఎదురుగాలి ఉంటే అదీ ఉండదు.

ఇక అసలు సంగతి. నేను రెండేళ్ళ క్రితం మారాను, ఫోర్ స్ట్రోక్ మీద 160 గంటలు అయ్యాయి, వెనక్కి వెళ్ళే ఆలోచన లేదు. కానీ నువ్వు అనుకుంటున్న కారణాల్లో సగం తప్పు, అందులో మొదటిది నీ బరువు లెక్క.

లీటరు పెట్రోల్ దాదాపు 740 గ్రాములు. నా పాత టూ స్ట్రోక్ క్రూజ్‌లో, అంటే ఒకే ఎత్తులో తీరిగ్గా ఎగిరేటప్పుడు, గంటకి 4 లీటర్లు తాగేది, ఇప్పటిది 2.4 తాగుతోంది. తేడా 1.6 లీటర్లు, అంటే గంటకి కిలోంబావు కూడా లేదు. నా మోటారు బరువు మాత్రం ఆరున్నర కిలోలు పెరిగింది. ఆ ఆరున్నర కిలోలు పెట్రోల్ రూపంలో తిరిగి రావాలంటే ఐదున్నర గంటలు ఏకబిగిన ఎగరాలి. ఎవరి నడుము ఆగుతుంది అంతసేపు? నీ రెండు గంటల ఫ్లయిట్‌కి పెట్రోల్‌లో మిగిలేది రెండున్నర కిలోలు, కాబట్టి టేకాఫ్ దగ్గర నీ వీపు మీద నికరంగా నాలుగు కిలోలు ఎక్కువే ఉంటుంది. ఈ "సరిపోతుంది" అనే మాట ప్రతి చోటా వినపడుతుంది, కాగితం మీద వేసి చూసినవాడు ఒక్కడూ కనపడడు.

లాభం ఎక్కడంటే దూరంలో. 11 లీటర్ల ట్యాంక్‌తో ముందు రెండున్నర గంటలు దాటితే గేజ్ వైపే చూస్తూ ఉండేవాణ్ణి, ఇప్పుడు నాలుగు గంటలు నిశ్చింతగా ఉండొచ్చు. ఇంటి నుంచి డబ్బా పెట్రోల్ మోసుకెళ్ళక్కర్లేదు, బంకులో పోయించుకున్నది అలాగే పొయ్యడమే, నలుగురం కలిసి ఎటైనా వెళ్ళి మధ్యలో దిగి నింపుకోవాల్సి వస్తే ఆయిల్ సీసా, కొలత గ్లాసు అవసరం లేదు. ఇంకోటి ఎవరూ చెప్పనిది, శుభ్రం. టూ స్ట్రోక్‌లో ప్రాప్ చుట్టూ ఉండే కేజ్ వల మీద, మనం కూర్చునే హార్నెస్ కింద, ప్రాప్ మొదట్లో ఎప్పుడూ గోధుమరంగు జిడ్డు ఉండేది, వింగ్ మడతపెడితే కూడా ఆ వాసనే. ఇప్పుడు లేదు.

శబ్దం విషయం చెప్తా. ఇంజన్ గొంతు మారుతుంది, కందిరీగ రొద పోయి బైక్ మాదిరి డుగుడుగు వస్తుంది, వినడానికి హాయి. కానీ కింద ఉన్నవాళ్ళకి వినపడేది సగానికి పైగా ప్రాప్ కొనల శబ్దం. 125 సెంటీమీటర్ల ప్రాప్ 2700 ఆర్‌పీఎంలో తిరిగితే కొన వేగం సెకనుకి 177 మీటర్లు, అదే 140 సెంటీమీటర్లది 2200లో తిరిగితే 161. నాకు శబ్దం తగ్గింది అంటే పెద్ద ప్రాప్‌ని మెల్లగా తిప్పడం వల్లే ఎక్కువ తగ్గింది, ఆ పని టూ స్ట్రోక్‌తోనూ చెయ్యొచ్చు, రిడక్షన్ (ఇంజన్ వేగాన్ని తగ్గించి ప్రాప్‌కి ఇచ్చే భాగం) మార్చి, కేజ్ పెద్దది వేస్తే. ఓ తిరకాసు కూడా ఉంది, అదే పవర్‌ని తక్కువ ఆర్‌పీఎంలో తీస్తే టార్క్ పెరుగుతుంది, ఫుల్ థ్రాటిల్ కొట్టగానే ఒక పక్కకి మెలి తిప్పుతుంది. కొత్త మోటారుకి ప్రాప్ తిరిగే దిశ నీ పాతదానికి వ్యతిరేకం అయ్యిందనుకో, ఇన్నేళ్ళ అలవాటు మొత్తం తలకిందులు, మొదటి నెల నాకు చుక్కలు కనపడ్డాయి.

థ్రాటిల్ కూడా వేరే. టూ స్ట్రోక్ వేలు కదిపితే దూకుతుంది, ఇది ఓ క్షణం ఆలోచించి వస్తుంది. దిగేటప్పుడు చివర్లో కొంచెం ఎత్తు కావాలని నొక్కితే ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ముందే నొక్కడం అలవాటు చేసుకోవాలి.

ఇక పడుకోబెట్టడం. ఇది పెద్ద అక్షరాలతో రాసుకో. ఫోర్ స్ట్రోక్‌లో ఇంజన్ అడుగున సంప్‌లో ఆయిల్ ఉంటుంది కాబట్టి మోటారుని ఎలా పడితే అలా పడుకోబెట్టకూడదు. నేను మొదటి వారంలోనే బండి వెనక తప్పు పక్కకి పడుకోబెట్టి గంట ప్రయాణం చేశా. దింపి తాడు లాగితే సగంలో రాయిని లాగినట్టు ఆగిపోయింది. బలం పెట్టి లాగబోయాను, ఏదో అనుమానం వచ్చి ప్లగ్ విప్పా, ప్లగ్ రంధ్రంలోంచి ఆయిల్ కారుతోంది, ఎయిర్ ఫిల్టర్ నూనెలో ముంచిన గుడ్డలా ఉంది. ఆ ఆయిల్ మీద పిస్టన్‌ని బలంగా తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ద్రవం నలగదు కదా. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదైతే నేను ఆపేలోపే స్టార్టర్ మోటారే ఆ పని చేసేసేది.

గ్రీజుచేతులు:

పై ఆయన చెప్పినవన్నీ ఒప్పుకుంటా. నేను ఇంకో వైపు నుంచి వస్తా, ఎందుకంటే నా పని ఇవి విప్పడం, బిగించడం.

రెండోగాలి గారూ, మీరు ఇంజన్ మార్చాలా వద్దా అని అడుగుతున్నారు గానీ మీ ఇంజన్ ఎందుకు పట్టేసిందో మీరే ఇంకా చూడలేదు. జ్వరం ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా ఇల్లు మారదామన్నట్టుంది.

మీరు రాసిన దాన్లోనే సగం జవాబు ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో మూడు నిమిషాలు ఎక్కినప్పుడు పట్టలేదు, తగ్గించాక పట్టింది. టూ స్ట్రోక్‌కి చమురూ పెట్రోలూ ఒకే దారిలో వస్తాయి, పెట్రోల్ తగ్గితే చమురూ తగ్గుతుంది, పైగా ఆ లోపలికి వచ్చే పెట్రోలే కొంత చల్లబరుస్తుంది కూడా. బాగా కాగిన పిస్టన్ ఉబ్బి ఉంటుంది, అప్పుడు థ్రాటిల్ తగ్గించారు, మిక్స్చర్ లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువగా ఉంటే, ఆ మధ్య రేంజ్‌లో అటు చల్లదనమూ లేదు, ఇటు చమురూ లేదు. పిస్టన్ అల్యూమినియం, వేడికి సిలిండర్ కంటే ఎక్కువ ఉబ్బుతుంది, సందు మూసుకుపోతుంది. ఆ కీచు శబ్దం అదే.

మరి లీన్ ఎందుకయ్యింది? వంద గంటలు బాగా నడిచిన ఇంజన్ ఊరికే లీన్ అవ్వదు. డయాఫ్రం కార్బొరేటర్ అయితే డయాఫ్రం పొర గట్టిపడి ఉండొచ్చు, ఇథనాల్ కలిసిన పెట్రోల్ ట్యాంక్‌లో నెలల తరబడి ఉంచితే అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. లేకపోతే కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు, రీడ్ బ్లాక్ కింద గ్యాస్కెట్, క్రాంక్ సీల్, వీటిలో ఏదో ఒకటి గాలి పీలుస్తూ ఉండొచ్చు. మీరు రబ్బరు మౌంట్లు రెండు సార్లు మార్చానన్నారు, అంటే వణుకు ఎక్కువే ఉంది, ఆ వణుకుకి ఇన్‌టేక్ రబ్బరు కూడా ఎక్కడో చిట్లి ఉంటుందని నా అనుమానం.

మూడు ప్రశ్నలు. ప్లగ్ విప్పితే ఏ రంగులో ఉంది? సైలెన్సర్ విప్పి పోర్ట్‌లోంచి టార్చ్ వేసి చూస్తే పిస్టన్ మీద గీతలు ఏ వైపు ఉన్నాయి? ఐడిల్, అంటే థ్రాటిల్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, ఈ మధ్య పెరిగిందా, థ్రాటిల్ వదిలేశాక కిందికి దిగడానికి టైం తీసుకుంటోందా?

ఫోర్ స్ట్రోక్ "సీజ్ అవ్వదు" అన్నది కూడా తీసెయ్యండి. ఆయిల్ లెవెల్ తగ్గితే అదీ పడుతుంది, కాకపోతే అక్కడ బాగు చెయ్యడానికి పిస్టన్, రింగు, గ్యాస్కెట్‌తో పోదు. వాల్వులు, క్యామ్, చెయిన్, వాల్వ్ సీల్స్ అన్నీ ఉంటాయి. టూ స్ట్రోక్‌లో మీరు ఓ మధ్యాహ్నం టేబుల్ మీద పాత దుప్పటి పరుచుకుని సిలిండర్ పైకి లాగి రింగు మార్చుకోవచ్చు. ఫోర్ స్ట్రోక్‌లో రోజూ చేసే పని తక్కువ, నిజమే, ఆయిల్ మార్చడం, మాన్యువల్ చెప్పిన గంటలకి ఫీలర్ గేజ్ పెట్టి వాల్వ్ గ్యాప్ చూడటం, అంతే. కానీ ఆ గ్యాప్ చూడ్డం మర్చిపోయారో, వాల్వ్ పూర్తిగా మూసుకోక సీటు కాలిపోతుంది, అది నెమ్మదిగా జరుగుతుంది, మీకు తెలిసేది ఓ పొద్దున టేకాఫ్‌కి బలం చాలనప్పుడు.

ఒకే సైజులో పవర్ ఎందుకు తక్కువో కూడా తెలుసుకోండి. టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకీ ఓసారి పేలుతుంది, ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకోసారి. అందుకే 200 సీసీ ఫోర్ స్ట్రోక్ నుంచి పారామోటార్‌కి సరిపడా బలం తియ్యాలంటే నాలుగు వాల్వులు పెట్టి గట్టిగా పరిగెత్తించాలి, దాన్ని రిడక్షన్‌తో ప్రాప్‌కి దించాలి. మీరు కార్లకీ బైకులకీ ఉందిగా అన్నారు, కారు ఇంజన్ రోజంతా దాని బలంలో ఐదో వంతు కూడా వాడదు, మనది ఎక్కేటప్పుడు మొత్తం వాడుతుంది. పోలిక కుదరదు.

తాడులాగుడు:

నా 80 సీసీ టూ స్ట్రోక్ గంటకి రెండున్నర లీటర్లే తాగుద్ది, మోటారు 19 కిలోలే. పెట్రోల్ పొదుపు కోసమైతే ఫోర్ స్ట్రోక్ ఎందుకు గురూ, టాప్ 80, థోర్ 80 లాంటి చిన్నవి ఉన్నాయిగా. కాకపోతే నేను 61 కిలోలు. 82 ఉన్న మనిషికి గాలి లేని పొద్దున చిన్న ఇంజన్ అంటే పొలం ఆ చివరిదాకా పరిగెత్తడమే ☺

రెండోగాలి:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఆ ఐదున్నర గంటల లెక్క చూసి నవ్వొచ్చింది, నేనే ఇంజనీర్‌ని, కాగితం తియ్యలేదు చూడండి.

గ్రీజుచేతులు గారూ, మీరడిగినవి. ప్లగ్ తెల్లగా ఉంది, సుద్దలా. ఎప్పుడూ కాఫీ రంగులో ఉండేది, అది చూసి కూడా ఏంటో అనుకోలేదు. సైలెన్సర్ ఇంకా విప్పలేదు. ఐడిల్ సంగతి మీరు అడిగాక గుర్తొచ్చింది, రెండు నెలల కింద క్లచ్ ఐడిల్‌లోనే పట్టుకుని ప్రాప్ తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించా. తర్వాత మళ్ళీ ఇంకోసారి తగ్గించా. అప్పుడే ఆలోచించాల్సింది.

కానీ ఒకటి, ఇది బాగు చేసుకున్నా నాకు ఫోర్ స్ట్రోక్ మీద మోజు పోలేదు. నాలుగుదెబ్బలు, నీకు ఆ ఆరున్నర కిలోలు ఎక్కడ తెలుస్తుంది? గాల్లో ఏం తెలీదు కదా?

నాలుగుదెబ్బలు:

గాల్లో సున్నా. వింగ్ బరువు పరిధిలో ఉన్నావో లేదో మాత్రం చూసుకో, పై అంచుకి దగ్గరగా ఉంటే ఈ ఆరున్నర నిన్ను బయటికి తోసేస్తుంది. టేకాఫ్ వేగం కూడా పెద్దగా మారదు, మొత్తం బరువు 120 అనుకుంటే 126 అవుతుంది, వేగం పెరిగేది ఓ మూడు శాతం లోపే.

తెలిసేది మూడు చోట్ల. కూర్చుని బెల్టులు పెట్టుకుని లేచేటప్పుడు. వింగ్ సరిగ్గా రాక ఆపేసి, వెనక్కి నడిచి, మళ్ళీ తాళ్ళు సర్దుకుని మూడో ప్రయత్నానికి నిలబడినప్పుడు. దిగాక బండి దాకా నడిచేటప్పుడు. మొదటి ప్రయత్నంలోనే లేచిపోయిన రోజు అసలు బరువే గుర్తుండదు, మూడోసారికి మాత్రం ప్రతి గ్రామూ పేరు చెప్పి పలకరిస్తుంది. నీ మోకాలి సంగతి నాకు తెలీదు కాబట్టి ఓ పని చెయ్యి. ప్రాప్ విప్పేసి పక్కన పెట్టు, ఆరున్నర లీటర్ల నీళ్ళు సీసాల్లో పోసి ఇంజన్ దగ్గరే, హార్నెస్‌కి వీలైనంత ఆనించి గట్టిగా కట్టు, మోటారు స్టార్ట్ చెయ్యకు, ఎగరకు. గాలి లేని పొద్దున వింగ్ పరుచుకుని లేపి ఇరవై అడుగులు పరిగెత్తు, ఆపు, మళ్ళీ పరుచుకో. అలా నాలుగు సార్లు. ప్రాప్ తోపు ఉండదు కాబట్టి నిజం కంటే కొంచెం కష్టంగానే ఉంటుంది, అయినా మోకాలు ఏమంటుందో తేలిపోతుంది. డబ్బు పెట్టి తెలుసుకునే కన్నా నీళ్ళతో తెలుసుకోవడం నయం.

మూడుచక్రాలు:

ఆలస్యంగా వచ్చా. ఇక్కడ ఎవరూ ట్రైక్ (మోటారు తగిలించే మూడు చక్రాల బండి) మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. నేను చక్రాల మీద ఎగిరేవాణ్ణి, ఫోర్ స్ట్రోక్ వాదన మొత్తం చక్రాలు రాగానే మారిపోతుంది. బరువు నేల మోస్తుంది, వీపు కాదు. నాది లాన్‌మోవర్‌లకీ జనరేటర్లకీ వాడే రకం రెండు సిలిండర్ల వీ-ట్విన్, దాని బరువు చెప్తే కాళ్ళ మీద లేచేవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారు, కానీ బటన్ నొక్కితే లేస్తుంది, గంటల తరబడి అలా కొట్టుకుంటూనే ఉంటుంది.

మనకన్నా పెద్ద మైక్రోలైట్‌ల (చిన్న తేలిక విమానాల) వాళ్ళు ఈ మలుపు ఎప్పుడో దాటేశారు. ఒకప్పుడు అక్కడంతా రోటాక్స్ 503, 582 అనే టూ స్ట్రోక్‌లే, తర్వాత 912 వచ్చింది, 80 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్, నాలుగు సిలిండర్లు, బరువు 60 కిలోల దరిదాపు. రెక్కలూ చక్రాలూ ఉన్న విమానానికి ఆ బరువు పెద్ద లెక్క కాదు కాబట్టి అటు వెళ్ళిపోయారు. పారామోటార్‌లో అదే మార్పు అంత తొందరగా రాకపోవడానికి కారణం టెక్నాలజీ రాకపోవడం కాదు, మన అండర్‌క్యారేజ్ (నేల మీద బరువు మోసే భాగం) రెండు కాళ్ళు అవడం.

మోకాలు బాగోలేదన్నారు కాబట్టి అడుగుతున్నా, ట్రైక్ ఆలోచన ఉందా? ఉంటే ముందు ట్రైక్ కొనుక్కోండి, ఇప్పుడున్న మోటారే దానికి తగిలించుకోవచ్చు చాలావాటికి, ఇంజన్ సంగతి తర్వాత. కాకపోతే ట్రైక్‌కి నేల బాగుండాలి, దుక్కి పొలంలో కుదరదు, గాలి లేనప్పుడు కాళ్ళ కన్నా బాగా లేస్తుంది గానీ పక్క గాలిలో వింగ్ ఒక పక్కకి లాగితే బోల్తా కొట్టడానికి అర నిమిషం పట్టదు. కాళ్ళ మీద ఉన్నోడు అటు రెండు అడుగులు వేస్తాడు, చక్రం వెయ్యదు.

గ్రీజుచేతులు:

తెల్ల ప్లగ్ (లీన్ అని గుర్తు), రెండు సార్లు తగ్గించిన ఐడిల్. చాలు. అది గాలి పీలుస్తోంది, నేను పందెం కాస్తా.

ఇంజన్ నడుస్తుండగా క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మారుతుందా చూడమని ఎవరైనా చెప్తే చెయ్యకండి, తిరిగే ప్రాప్ పక్కన వేడి సైలెన్సర్ మీద పెట్రోల్ లాంటిది చల్లడం ఎవరి ఐడియానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆపేసిన ఇంజన్‌తోనే తేలుతుంది. ఎగ్జాస్ట్ పోర్ట్‌ని రబ్బరు షీట్ పెట్టి బిగించి మూసెయ్యండి, కార్బొరేటర్ తీసి ఇన్‌టేక్ రబ్బరు మాత్రం ఉంచి దాని నోట్లో పంపు ట్యూబు దూర్చిన బిరడా పెట్టండి, కార్బొరేటర్‌కి వెళ్ళే పల్స్ గొట్టం రంధ్రం కూడా మూసెయ్యండి, అది మర్చిపోయి అరగంట వెతికినవాళ్ళున్నారు. చేతి పంపుతో 0.4, 0.5 బార్ దాకా ఎక్కించండి, అంతకు మించొద్దు, క్రాంక్ సీల్స్ బయటికి వస్తాయి. గేజ్ ముల్లు ఐదారు నిమిషాలు నిలబడాలి. పడిపోతుంటే సబ్బు నీళ్ళు బ్రష్‌తో పుయ్యండి, ఎక్కడ బుడగ వస్తే అక్కడ దొంగ.

రెండోగాలి:

పది రోజుల తర్వాత వస్తున్నా, అన్నీ చేశాను.

ముందు పిస్టన్. సైలెన్సర్ విప్పి టార్చ్ వేస్తే ఎగ్జాస్ట్ వైపు నిలువుగా నాలుగు గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి, రింగు ఒక చోట గాడిలో ఇరుక్కుపోయింది. సిలిండర్ గోడకి అల్యూమినియం అంటుకుని ఉంది గానీ కోటింగ్ లేచిపోలేదు, తెలిసిన మెకానిక్ శుభ్రం చేసి ఇచ్చారు, పిస్టన్, రింగు, గడ్జన్ పిన్ బేరింగ్ కొత్తవి.

ప్రెజర్ టెస్ట్ అంటే మొదట భయపడ్డా గానీ సైకిల్ ట్యూబు ముక్కతోనూ బ్లడ్ ప్రెజర్ మిషన్ బంతితోనూ అయిపోయింది. 0.4 దాకా ఎక్కించా, ముల్లు కళ్ళ ముందే దిగిపోయింది, అర నిమిషంలో సున్నా. సబ్బు నీళ్ళు పూస్తే ఇన్‌టేక్ రబ్బరు కింది వైపు, మనం ఎప్పుడూ చూడని వైపు, క్లిప్ అంచు దగ్గర నురగ పొంగింది. విప్పి వేళ్ళతో వంచితే అప్పుడు నోరు తెరిచింది, ఓ సెంటీమీటరున్నర చీలిక, నిటారుగా పెడితే మళ్ళీ మూసుకుపోయి ఏం లేనట్టే ఉంది. అందుకే చూపుకి దొరకలేదు. కొత్త రబ్బరు వేశాక ఆరు నిమిషాలు ముల్లు కదల్లేదు. కార్బొరేటర్‌లో డయాఫ్రం కూడా మార్చా. ఐడిల్ స్క్రూ మళ్ళీ పాత చోటికి తేవాల్సొచ్చింది. గ్రీజుచేతులు గారూ పందెం మీరే గెలిచారు.

తర్వాత నీళ్ళ సీసాలు. ఆరున్నర లీటర్లు, ఐదు సీసాలు, పాత సైకిల్ ట్యూబులతో కట్టా. మొదటి రెండు సార్లు ఇంత సీన్ ఎందుకు అనుకున్నా, మామూలుగానే ఉంది. మూడోసారి వింగ్ ఎడమకి పడింది, ఆపి, వెనక్కి వచ్చి, పరుచుకుని, మళ్ళీ లేపి పరిగెత్తా, పన్నెండో అడుగుకి ఎడమ మోకాలు లోపల సూది గుచ్చినట్టయ్యింది. నాలుగోది చెయ్యలేదు. సీసాలు విప్పేసి, అక్కడే కూర్చుని ఒకటి తాగేశాను.

కాబట్టి కాళ్ళ మీద ఉన్నంతకాలం ఈ టూ స్ట్రోకే. కొత్త పిస్టన్ మీద మూడు గంటలు నేల మీదా గాల్లోనూ మెల్లగా తిప్పా, మొదటి రెండు ట్యాంకులు ఆయిల్ కొంచెం ఎక్కువ వేశా, ప్లగ్ మళ్ళీ కాఫీ రంగుకొచ్చింది. మూడుచక్రాలు గారి మాట మాత్రం బుర్రలో తిరుగుతోంది, ఇంకో రెండేళ్ళకి చక్రాలెక్కితే అప్పుడు ఇదే పోస్ట్ పైకి లాగుతా.

చివరిగా ఒకటి, హెడ్ టెంపరేచర్ గేజ్ కొన్నాను, ఈసారి చెవులతో కాకుండా కళ్ళతో తెలుసుకుందామని. సెన్సార్ ప్లగ్ కింద వాషర్‌లా వెయ్యమని ఒకరు, హెడ్ బోల్ట్ కింద వెయ్యమని ఇంకొకరు అంటున్నారు. ఏది?

గ్రీజుచేతులు:

ప్లగ్ కింద, అక్కడే త్వరగా చూపిస్తుంది. ప్లగ్‌కి ఉన్న పాత వాషర్ తీసేసి సెన్సార్ రింగే వాషర్‌గా పెట్టాలో, రెండూ ఉంచాలో గేజ్ కాగితంలో చూడండి, రెండూ వేస్తే ప్లగ్ పైకి లేచి కూర్చుంటుంది. వైరు కేజ్ వైపు కాకుండా ఫ్రేమ్ లోపలి వైపు నుంచి తీసుకెళ్ళి ప్రతి జానెడుకీ ఓ టై వెయ్యండి, ప్రాప్‌లోకి వెళ్ళిన వైర్లు ఇక్కడ మూడు చూశాను. ముందు ఓ ఐదు ఫ్లయిట్లు మామూలు అంకెలు ఎంతెంత వస్తున్నాయో రాసుకోండి, ఎక్కేటప్పుడు ఎంత, క్రూజ్‌లో ఎంత అని. థ్రాటిల్ తగ్గించాక అంకె దిగకుండా ఎక్కితే వెంటనే దిగిపోండి.

తాడులాగుడు:

ఆ తాగిన సీసా ఆయిల్ కలిపిన సీసా కాదు కదా అన్నా

రెండోగాలి:

దానికి ఎర్ర మూత 😄 చూసే తాగా.